నేనెందుకు చేరాలమ్మా?

జులై ఒకటో తేదీ మన పట్టణాల్లోని సేవాక్లబ్బులకు సంవత్సరాది. లయన్స్ అయినా రోటరీ అయినా పాత అధ్యక్షుడు దిగి కొత్త అధ్యక్షుడు పగ్గాలు అందుకునేది ఆ రోజే. నెల ముందునుంచే కొత్త సభ్యుల కోసం తిరుగుడు మొదలవుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలోని మా ఊళ్లో లయన్స్ క్లబ్బుకు ఈసారి కార్యదర్శి కాబోతున్నది బస్టాండు దగ్గర మందుల షాపు నడిపే ఒకావిడ. చిన్నప్పుడు తనకు సోషల్ చెప్పిన రిటైర్డ్ హెడ్మాస్టారి ఇంటికి సభ్యత్వం ఫారం పట్టుకొచ్చింది. మాస్టారు ఫారం తీసుకోలేదు, వాదన పెట్టుకున్నారు. నేనూ ఆ అరుగు మీదే ఉన్నాను. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. మొత్తం మీద ఆవిడ వైపే మొగ్గుతాను గానీ, రెండు చోట్ల మాత్రం మాస్టారి ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆ రెండూ దాచకుండా రాస్తున్నాను.

మాస్టారు: ఫారం అలా పెట్టమ్మా. ముందు ఇది చెప్పు, నేనెందుకు చేరాలి? సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫీజు కట్టలేని పిల్లలకి నాకు చేతనైనంత కట్టాను. ఇప్పటికీ సాయంత్రమైతే వీధిలో పిల్లలు పుస్తకాలు పట్టుకుని వస్తారు. మంచి చెయ్యడానికి కోటూ, కోటు మీద పిన్నూ ఎందుకు?

కార్యదర్శి: మీరు చేస్తున్నది తక్కువని ఎవరంటారు మాస్టారూ? పరీక్ష ఫీజు మీరు కట్టబట్టి పరీక్ష రాసినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది లేరు! కాకపోతే కొన్ని పనులు ఎంత మంచి మనిషైనా ఒక్కడి వల్ల కావు. నేత్రదానమే తీసుకోండి. మనిషి పోయాక ఆరు గంటల్లోపు కార్నియా తియ్యాలి. ఆ ఆరు గంటలు ఎప్పుడు మొదలవుతాయో ఎవరికీ తెలియదు. మొన్న వేసవిలో రాత్రి పదకొండింటికి ఫోనొచ్చింది. ధాన్యం కొట్టు ఆయన తల్లి పోయింది, అరగంటైంది, ఆవిడ కళ్లిస్తానని ఎప్పుడో సంతకం పెట్టింది, ఇప్పుడేం చెయ్యాలి అని కొడుకు అడుగుతున్నాడు. ఫ్యాను ఆపెయ్యండి, కనురెప్పలు మూసి తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి అని చెప్పాను. ఐ బ్యాంకుకి ఫోను చేశాను. ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్లారు.

మాస్టారు: వెళ్లి ఏం చేస్తారు? టెక్నీషియన్ వస్తాడు, తీసుకెళ్తాడు. అంతేగా.

కార్యదర్శి: అక్కడే ఉంది మాస్టారూ పనంతా. ఆవిడ సంతకం పెట్టినా ఇంట్లోవాళ్లు సరేనంటేనే తీస్తారు. కొడుకు ఒప్పుకున్నాడు, పెద్దకూతురు ఒప్పుకోలేదు. మా అమ్మని కళ్లు లేకుండా పంపిస్తారా అని ఏడుస్తోంది. కనుగుడ్డు మొత్తం తీసేస్తారని, ముఖం గుంటలు పడిపోతుందని ఆమె భయం. ముందువైపు ఉండే పారదర్శకమైన పొర ఒక్కటే తీస్తారమ్మా, ముఖం ఎప్పటిలాగే ఉంటుంది, ఇరవై నిమిషాల పని అని మా సభ్యుల్లో ఒకాయన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. అమ్మకి షుగరు ఉందండీ, శుక్లాల ఆపరేషన్ కూడా అయింది, పనికొస్తాయా అని ఆవిడే అడిగింది. వస్తాయి. షుగరున్నా, బీపీ ఉన్నా, కళ్లజోడు పెట్టుకున్నా వస్తాయి. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబీస్, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పాకి పోయినవాళ్లవి మాత్రం తీసుకోరు. చివరికి ఆవిడే సరేనంది. రెండింటికల్లా పని అయిపోయింది. ఐ బ్యాంకు పెట్టెలో వెళ్లిన రెండు కార్నియాలూ ఇద్దరికి పనికొస్తాయి. ఇప్పుడు చెప్పండి. ఒక మనిషి, ఎంత మంచివాడైనా, ప్రతి రాత్రీ ఆ ఫోను కోసం మేలుకుని ఉండగలడా? పదిమంది వంతులు వేసుకుంటే ఉండగలరు.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు. నాకైతే క్లబ్బుల గురించి విన్న మాటల్లో ఇంతకన్నా గట్టి మాట లేదు. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యశాల 1987లో మొదలైంది. శస్త్రచికిత్స చేసే చెయ్యి అలాంటి చోట్ల ఉంది. ఇక్కడి దుఃఖపు ఇంటికీ అక్కడి ఆపరేషన్ థియేటరుకూ మధ్య ఉన్న దూరాన్ని దాటించేది మాత్రం ఊళ్లో ఎవరో ఒకరు మేలుకుని ఉండటమే.

మాస్టారు: సరే, అది మంచిపని. కాదనను. కానీ మీవాళ్లు పేపర్లో వేయించుకునేది ఆ పని కాదే! గవర్నమెంటు ఆస్పత్రిలో రోగి మంచం చుట్టూ ఎనిమిదిమంది నిలబడి ఒక అరటిపండు చేతిలో పెడుతూ ఫొటో. ఆ రోగి ముఖం చూశావా ఎప్పుడైనా? ముసుగు తన్ని పడుకుందామనుకున్నవాణ్ణి లేపి కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. రోగంతో ఉన్నవాడు తన పేదరికాన్ని ఊరంతటికీ చూపించుకోవాలా?

కార్యదర్శి: చూశాను మాస్టారూ. పోయినేడు ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. తర్వాత మీటింగులో నేనే లేచి చెప్పాను, సాయం అందుకునేవాళ్ల ముఖం ఫొటోలో కనపడకూడదని. ముగ్గురు నా వైపు నిలబడ్డారు, పదిమంది వద్దన్నారు. ఫొటో లేకపోతే దాత మళ్లీ ఇవ్వడన్నది వాళ్ల వాదన. ఈ ఏడాది మళ్లీ లేస్తాను. మీరొస్తే నలుగురం ఐదుగురమవుతాం.

మాస్టారు: ఇంకొకటి. కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి ఏసీ ఫంక్షన్ హాలు, శాలువాలు, మెమెంటోలు, నాన్‌వెజ్ డిన్నరు. ఆ డబ్బెవరిది? సెంటర్లో హుండీలు పట్టుకుని పోగుచేసింది కాదని ఎలా నమ్మేది?

కార్యదర్శి: ఆ విషయంలో రూలు గట్టిది. లయన్స్‌లో రెండు ఖాతాలుండాలి. సభ్యులు కట్టే చందా ఒక ఖాతా. మీటింగులు, భోజనాలు, పైకి కట్టే డ్యూసు అన్నీ అందులోంచే. జనం దగ్గర వసూలు చేసిందంతా రెండో ఖాతా. వసూలు కార్యక్రమానికి అయిన ఖర్చు పోను అందులో ప్రతి రూపాయీ మళ్లీ జనానికే చేరాలి. డిన్నరుకి అందులోంచి తియ్యకూడదు.

మాస్టారు: కూడదు సరే. మీ ఊరి క్లబ్బు రెండో ఖాతా పాసుపుస్తకం నువ్వు చూశావా?

కార్యదర్శి: కోశాధికారి చదివి వినిపిస్తాడు. కాగితం చేతికివ్వడు. నేను కార్యదర్శినయ్యాక మొదట అడగబోయేది అదే.

మాస్టారు: అడుగు. లెక్కలు నోటితో చదివేవి కావు, చేతికిచ్చేవి. నేను బళ్లో మధ్యాహ్న భోజనం రిజిస్టరు ఏ తల్లి అడిగినా తీసి చూపించేవాణ్ణి. మరో సంగతి. అసలు ఇదంతా అమెరికా వ్యాపారస్తుల సరదా కదా? మనకి మన సంఘాలు లేవా? రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1890లో టౌన్ హాలు కట్టించారు. తర్వాత తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. షికాగో నుంచి ఎవరూ వచ్చి చెప్పలేదు వాళ్లకి.

కార్యదర్శి: షికాగో అన్నది నిజమే. రోటరీ 1905లో అక్కడే పుట్టింది. పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు మిత్రులతో మొదలుపెట్టాడు. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలుసుకునేవాళ్లు. 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి లయన్స్‌కి పునాది వేశాడు. మొదట్లో వ్యాపార పరిచయాలే ముఖ్యం, అందులోనూ మీరన్నది నిజమే. కానీ వేటపాలెం సారస్వత నికేతనం ఎప్పుడు మొదలైందో మీరే మాకు క్లాసులో చెప్పారు, 1918. లయన్స్ పుట్టిన మరుసటేడు! అదీ ఒక యువజన సంఘం పెట్టిందే కదా. ఊళ్లో నలుగురు ఒకచోట చేరి, మనూరికి ఏది లేదో అది మనమే పెట్టుకుందాం అనుకోవడం ఒక దేశానికి చెందినది కాదు. అక్కడా పుట్టింది, ఇక్కడా పుట్టింది. మనదాంట్లో లేనిది, లయన్స్‌లో ఉన్నది, ఎన్నో దేశాలకి పాకిన ఏర్పాటు. ఇండియాకి లయన్స్ వచ్చింది 1956లో, బొంబాయికి.

మాస్టారు: పాకిందనుకో. పాకి ఏం చేసింది?

కార్యదర్శి: 1925లో ఒహాయోలో లయన్స్ మహాసభ జరిగితే హెలెన్ కెల్లర్ వచ్చి మాట్లాడింది. చూపు లేని, వినికిడి లేని ఆ మనిషి, అంధుల పక్షాన నిలబడండని వాళ్లని అడిగింది. అప్పటినుంచే కంటి పని లయన్స్‌కి ముఖ్యమైంది. దానికి ఐదేళ్ల తర్వాత, 1930లో, ఇలినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊళ్లో జార్జ్ బోనమ్ అనే లయన్స్ సభ్యుడు రోడ్డు మీద ఒక అంధుణ్ణి చూశాడు. చేతిలో నల్లకర్ర. కార్లు నడిపేవాళ్లకి ఆ కర్ర కనపడటం లేదు, ఆయన రోడ్డు దాటలేకపోతున్నాడు. కర్రకి తెల్లరంగు వేస్తే కనపడుతుంది కదా అని క్లబ్బుకెళ్లి చెప్పాడు. క్లబ్బు కర్రలు చేయించి పంచింది. అక్కడితో ఆగలేదు, ఆ ఊరి నగరపాలక మండలిచేత తెల్లకర్ర పట్టుకున్నవాళ్లకి దారివ్వాలని శాసనం చేయించింది. మన బస్టాండులో తెల్లకర్రతో నడిచే మనిషిని చూసినప్పుడల్లా నాకు ఆ ఊరే గుర్తొస్తుంది.

మాస్టారు: కర్రలు పంచి ఊరుకోకుండా శాసనం చేయించారా? అదీ నాకు కావలసింది. మీ క్లబ్బుల మీద నా అసలు కోపం అక్కడే. బడికి బెంచీలు మీరిస్తారు, నీళ్లు మీరిస్తారు, ఆస్పత్రికి వీల్‌చైర్లు మీరిస్తారు. ఇవ్వవలసిన మునిసిపాలిటీ, ఇవ్వవలసిన ప్రభుత్వం చేతులు దులుపుకుంటాయి. బెంచీ అనేది పిల్లవాడి హక్కు. మీరు దాని మీద మీ క్లబ్బు పేరు పెయింటు వేయించగానే అది దానమైపోయింది. ఆ పిల్లవాడు రేపు పెద్దవాడై బెంచీ ఎందుకు లేదని అడగడు, ఎవరైనా ఇస్తారా అని చూస్తాడు.

కార్యదర్శి: ఈ మాట కొట్టిపారేసేది కాదు. కానీ అడిగేలోపు పిల్లలు నేల మీద కూర్చోవాలా మాస్టారూ?

మాస్టారు: కూర్చోకూడదు. ఇవ్వండి. ఇచ్చిన రోజే, ఇది మీరివ్వవలసింది, వచ్చే ఏడు బడ్జెట్లో పెట్టండి అని కమిషనరుకి అర్జీ కూడా ఇవ్వండి. ఎప్పుడైనా ఇచ్చారా?

కార్యదర్శి: లేదు. మావాళ్లు రాజకీయాల జోలికి పోకూడదంటారు. పార్టీలు, మతం క్లబ్బులో చర్చించకూడదన్నది నియమమే. కానీ మంచినీళ్ల గురించి అర్జీ పెట్టడం పార్టీ పని కాదు కదా. నాకూ అనిపిస్తుంది, ఆ నియమాన్ని పిరికితనానికి అడ్డం పెట్టుకుంటున్నామేమో అని. అయినా ప్రభుత్వాలతో కలిసి చేసిన పనీ ఉంది, పోలియో సంగతి చూడండి. రోటరీవాళ్లు 1985లో పోలియో లేకుండా చెయ్యాలని పూనుకున్నారు. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌లతో కలిశారు. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. 2009లో కూడా దేశంలో 741 కేసులు. 2011 జనవరి 13న హౌరాలో వచ్చినదే ఆఖరిది. 2014 మార్చి 27న మనకి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. మన దేశమా, పోలియో పోవడమా అన్నవాళ్లు ఎంతమంది!

మాస్టారు: తల్లీ, ఆ చుక్కలు వేసిందెవరు? అంగన్‌వాడీ ఆయాలు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు. ఎండలో ఇంటింటికీ తిరిగి, తలుపు మీద సుద్దముక్కతో గుర్తు వేసి, ఇటుకబట్టీల దగ్గర, రైళ్లలో పిల్లల్ని వెతికి మరీ వేశారు. మా బళ్లో బూత్ పెడితే నేనే బల్ల వేయించాను. మీ క్లబ్బువాళ్లు టోపీలు పెట్టుకుని ప్రారంభోత్సవానికి వచ్చి పదిన్నరకి వెళ్లిపోయారు.

కార్యదర్శి: చుక్కలు వేసింది వాళ్లే. ఆ గౌరవం వాళ్లదే, అందులో వాటా అడగను. కానీ ఏళ్ల తరబడి డబ్బు పోగుచేసి, ఈ దేశం ఆ దేశం అని లేకుండా ప్రభుత్వాల వెంటపడి, జబ్బు తగ్గిపోయిందిలే అని అందరూ పక్కన పెట్టేయబోయినప్పుడు పెట్టనివ్వకుండా ఉండటం కూడా పనే కదా. ఒక జబ్బు వెంట ముప్పై నలభై ఏళ్లు పడటం ఏ ఒక్క మంత్రివల్లా అవుతుందా? ఆయన కుర్చీ ఐదేళ్లే.

మాస్టారు: ఐదేళ్ల కుర్చీ అంటున్నావు. మీ అధ్యక్షుడి కుర్చీ ఎన్నేళ్లు?

కార్యదర్శి: ఒక్క ఏడాది.

మాస్టారు: ఇప్పుడొచ్చావు దారికి. నాతో రా, ఆడపిల్లల హైస్కూలుకి వెళ్దాం. గేటు పక్కన మీ క్లబ్బు పెట్టిన నీళ్ల ప్లాంటు ఉంది. నల్లరాయి మీద బంగారు అక్షరాలు, అప్పటి అధ్యక్షుడి పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు, రిబ్బను కత్తిరించినవాళ్ల పేరు. ఆ రాయి ఇప్పటికీ మెరుస్తోంది. నాలుగు కుళాయిల్లో మూడింటికి పిడులు లేవు. ముందు క్యాండిల్ ఫిల్టరు మట్టిపట్టి మూసుకుపోయింది. మూడు వందల రూపాయల సరుకు, మార్చేవాడు లేడు. మార్చకపోయేసరికి మురికంతా మెంబ్రేన్‌కెక్కి అదీ పోయింది. అది వేలల్లో ఖర్చు. మోటారు కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలక బడివాళ్లు స్విచ్చే తీసేశారు. ఆడపిల్లలు ఇంటి దగ్గరనుంచి సీసాలు మోసుకొస్తున్నారు. తర్వాత వచ్చిన అధ్యక్షుణ్ణి నేనే వెళ్లి అడిగాను. ఏమన్నాడో తెలుసా? అది మునుపటివారి ప్రాజెక్టండీ, నా ఏడాదిలో నేను బస్ షెల్టరు కడుతున్నాను అన్నాడు. దీనికి జవాబు చెప్పు.

ఆవిడ చెప్పలేదు. నేను చూస్తూనే ఉన్నాను, చెప్పడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. నా లెక్కలో క్లబ్బులకున్న అసలు జబ్బు ఇదే. శాలువాలూ కావు, డిన్నర్లూ కావు. ఏడాదికొక అధ్యక్షుడు, అధ్యక్షుడికొక శిలాఫలకం. కొత్తది పెట్టినవాడికి రాయి ఉంది, పాతదాన్ని బాగుచేసినవాడికి ఏ రాయీ లేదు. ఏ ఊరైనా తీసుకోండి, సేవాక్లబ్బుల పేరుతో ఎండిపోయిన కుళాయి ఒకటైనా కనపడుతుంది.

కార్యదర్శి: (కొంతసేపటికి) రక్తం విషయంలోనూ ఇదే జరుగుతోంది మాస్టారూ, షాపులో ఉంటాను కాబట్టి నాకు తెలుసు. పెద్దమనుషుల పుట్టినరోజుకి మెగా శిబిరం అని ఒక్కరోజే వందల బాటిళ్లు తీస్తారు. రక్తం ఐదారు వారాలకి మించి నిలవుండదు, ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. ఏప్రిల్, మే వచ్చేసరికి కాలేజీలకి సెలవులు, శిబిరాలుండవు, బ్లడ్ బ్యాంకులో ఫ్రిజ్ ఖాళీ. తలసీమియా పిల్లలకి సెలవులుంటాయా? రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే. ఒకప్పుడు రక్తం అమ్ముకునేవాళ్లుండేవారు. 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 1998 జనవరి నుంచి దాన్ని నిషేధించారు. మంచి తీర్పు. కానీ ఆ ఖాళీని నింపాల్సింది ఊళ్లో స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్లే. అందుకని నేనొక పుస్తకం పెట్టాను. గ్రూపు, ఫోను నంబరు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ. మగవాళ్లకి మూడు నెలలు, ఆడవాళ్లకి నాలుగు నెలలు నిండాకే మళ్లీ పిలుస్తాను. శిబిరం ఉండదు, ఫ్లెక్సీ ఉండదు. ఫోను చేస్తే వచ్చి ఇచ్చి పోతారు.

మాస్టారు: ఆ పుస్తకంలో ఎవరున్నారు? మీ క్లబ్బు సభ్యులేనా?

కార్యదర్శి: తక్కువే. బస్టాండు ఆటోవాళ్లు ఎక్కువ. మెకానిక్ షెడ్లలో కుర్రాళ్లు, కొరియర్ అబ్బాయిలు, హాస్టల్లో నర్సింగ్ చదివే అమ్మాయిలు.

మాస్టారు: వాళ్లలో ఒక్కరైనా మీ క్లబ్బులో సభ్యులా?

కార్యదర్శి: లేరు.

మాస్టారు: ఎందుకు లేరు? రక్తమిచ్చేవాడు మీ వరసలో కుర్చీలో కూర్చోకూడదా?

కార్యదర్శి: చందా ఒకటి మాస్టారూ. ఆటో అబ్బాయికి అది చాలా రోజుల సంపాదన. చందా ఒక్కటే కాదు, అబద్ధమెందుకు. సభ్యత్వం ఎవరో ఒక సభ్యుడు పిలిస్తేనే వస్తుంది. మావాళ్లు తమలాంటివాళ్లనే పిలుస్తారు. మిల్లు ఓనర్లు, డాక్టర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు. మా ఆడవాళ్ల సంగతీ అలాగే ఉండేది. లయన్స్‌లో ఆడవాళ్లని సభ్యులుగా తీసుకోవడం 1987లోనే. రోటరీలో అంతకంటే ఆలస్యం. కాలిఫోర్నియాలో డువార్టే అనే ఊరి క్లబ్బు 1977లో ఆడవాళ్లని చేర్చుకుంటే ఆ క్లబ్బునే రోటరీ వెలివేసింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు చీవాట్లు పెట్టాక, 1989లో నియమం మార్చుకున్నారు. అంతకుముందైతే నేను సభ్యుడి భార్యగా వచ్చి టీలు అందించి ఉండేదాన్ని. ఇవాళ కార్యదర్శిని. తలుపు లోపలినుంచి తీస్తేనే తెరుచుకుంది. ఆటో అబ్బాయికీ అలాగే తెరుచుకోవాలి.

మాస్టారు: డువార్టేవాళ్లు లోపలినుంచి తీశారు సరే. కోర్టు బయటినుంచి తోసింది, అది మర్చిపోకు. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. నన్ను ఎందుకు రమ్మంటున్నావు? మీ క్లబ్బుకి పెద్దమనిషి పేరు కావాలనా?

కార్యదర్శి: పేరు కోసం కాదు. నేత్రదానం ఇళ్లల్లో మాట్లాడటానికి. ఈ ఊళ్లో సగం ఇళ్లల్లో మీ శిష్యులున్నారు. ఆ అర్ధరాత్రి ఏడుస్తున్న కూతురు మా మాట వినకపోయినా మీ మాట వింటుంది. ఇది ఒకటి. రెండోది ఆ నీళ్ల ప్లాంటు. బాగుచెయ్యమని మీరు బయటినుంచి అడిగితే మాస్టారేదో అన్నారులే అని వదిలేస్తారు. సభ్యుడిగా లేచి, పాతది నడవకుండా కొత్త రాయి వెయ్యకూడదని తీర్మానం పెడితే ఓటింగుకి రావాలి. చేతులెత్తేవాళ్లు ఎందరో, దించేవాళ్లు ఎందరో మినిట్స్‌లో రాస్తాను. రాసేది నేనే కదా.

మాస్టారు: ఓడిపోతే?

కార్యదర్శి: మరుసటి మీటింగులో మళ్లీ పెడతాం. నెలకి రెండు మీటింగులు.

మాస్టారు: ఒక పని చెయ్యి. నేత్రదానానికి నా నంబరు రాసుకో, ఏ వేళైనా సరే పిలువు. దానికి ఫారం అక్కర్లేదు. సభ్యత్వం సంగతి మాత్రం, ఆ రెండో ఖాతా కాగితాలు నువ్వు చేతికి తీసుకున్నాక, ఆ ప్లాంటుకి మెంబ్రేన్ వేయించాక చూద్దాం. ఆ రెండూ జరగకపోతే నేను రాను. నువ్వు కూడా ఎందుకు ఉన్నావో అప్పుడు నేను అడుగుతాను.

కార్యదర్శి: మెంబ్రేన్‌కి డబ్బు మా సభ్యులే వేసుకుంటాం. కానీ మాస్టారూ, మీరు లోపలుంటే ఆ రెండూ తొందరగా జరుగుతాయి. బయట నిలబడి షరతులు పెడితే ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యంలో నీళ్లు లేనిది ఆ ఆడపిల్లలకే.

మాస్టారు ఫారం అందుకుని చదివారు, సంతకం మాత్రం పెట్టలేదు. వాదన తెగలేదు. మా ఊళ్లో తెగనక్కర్లేదు కూడా, ఇద్దరూ అదే వీధిలో ఉంటారు.

నా మాట నేను చెప్పాలి కాబట్టి చెప్తాను. చేరండి. ప్రశ్నలు అడిగే మనుషులు బయట ఉండిపోతే, క్లబ్బులు ఫ్లెక్సీలవాళ్ల చేతుల్లోనే ఉంటాయి. మీ ఊళ్లో లయన్స్ ఉండొచ్చు, రోటరీ ఉండొచ్చు, మరేదైనా సంఘం ఉండొచ్చు. చేరమని ఎవరైనా వస్తే కాదనే ముందు ఒక మీటింగుకి వెళ్లి వెనక వరసలో కూర్చోండి. ఈ ఏడాది ఏం కట్టబోతున్నారో వాళ్లే చెప్తారు. అది విని, మూడేళ్ల కిందట పెట్టినది ఇవాళ నడుస్తోందా అని అడగండి. వసూలు ఖాతా కాగితం చూపించమనండి. ఊళ్లో రక్తమిచ్చేవాళ్లు ఈ గదిలో ఎందరున్నారో అడగండి. జవాబులు బాగుంటే సంతకం పెట్టండి. బాగోకపోయినా, లోపలికి వెళ్లి మార్చగలమన్న నమ్మకం ఉంటే అప్పుడూ పెట్టండి. నేత్రదానం ఫారం మాత్రం ఏ క్లబ్బులో చేరకపోయినా ఇవాళే నింపండి, నింపిన సంగతి ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఆ ఆరు గంటల్లో ఫోను చేయవలసింది వాళ్లే.